స్తంభం మీది ప్రాణానికి మీ లెక్కల్లో చోటేది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్ల అధ్యక్షులకు, సభ్యులకు,



కరెంటు స్తంభం మీద లైన్‌మన్ చనిపోయిన మర్నాడు పత్రికల జిల్లా పేజీలో వచ్చే వార్త తరచూ ఒకేలా ముగుస్తుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా ఎక్కాడని, చేతికి గ్లౌజులు లేవని, పక్క ఫీడరు సరఫరాలో ఉన్న సంగతి చూసుకోలేదని ఏదో ఒక అధికారి చెబుతారు. పోలీసులు కేసు నమోదు చేస్తారు. సాయంత్రానికి ఇంకొకరు అదే స్తంభం ఎక్కి లైను కలుపుతారు, ఊళ్లో దీపాలు వెలుగుతాయి. పోయినవాడి నిర్లక్ష్యమే కారణమన్న ఒక్క మాటతో ఫైలు మూతపడిపోతుంది. ఆ మాటను ఈ లేఖ ఒప్పుకోదు. ఆ మరణం తమ పరిధిలోది కాదన్నట్టు నియంత్రణ మండళ్లు పక్కన ఉండిపోవడాన్ని అసలే ఒప్పుకోదు.

భద్రతా నిబంధనలు రాసేది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ. ప్రమాదం జరిగితే వచ్చి చూసేది రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్. కాబట్టి మధ్యలో మా పాత్ర ఏముందని మీరు అడగవచ్చు. కానీ విద్యుత్ చట్టం, 2003లోని 86వ సెక్షన్ సరఫరా నాణ్యతకూ, కొనసాగింపుకూ, నమ్మకానికీ ప్రమాణాలు పెట్టి అమలు చేయించే పనిని మీకే అప్పగించింది. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏ పద్దు కింద ఎంత ఖర్చు చేయవచ్చో ఏటా తేల్చేది మీరు. యూనిట్ ధర రాసేది మీరు. మీ ఉత్తర్వును డిస్కం లెక్కచేయకపోతే 142వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు, అది సాగినన్నాళ్లూ రోజుకు ఆరు వేల వరకు జరిమానా వేసే అధికారం కూడా మీ చేతుల్లో ఉంది. ఇన్ని అధికారాలు ఉన్న చోట కార్మికుడి ప్రాణం ఒక్కటే పరిధి బయటికి ఎలా వెళ్లింది?

మీరు పెట్టిన ప్రమాణాలనే చూడండి. ఫ్యూజు పోయిందని ఫిర్యాదు వస్తే పట్టణాల్లో నాలుగు పనిగంటల్లో, పల్లెల్లో పన్నెండు పనిగంటల్లో సరిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48 గంటల గడువు. దాటితే వినియోగదారుకు పరిహారం కట్టాలి. వినియోగదారులకు ఇది మేలు చేసే ఏర్పాటే, దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. కానీ ఆ గడియారం చివరికి తిరిగేది ఎవరి నెత్తి మీద? ఫిర్యాదుల నంబరు 1912లో ఫోన్లు మోగుతుంటాయి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నుంచి లైన్ ఇన్‌స్పెక్టర్‌కు, అక్కడి నుంచి లైన్‌మన్‌కు "ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్న దిగుతూ ఉంటుంది. సర్పంచి ఫోన్ చేస్తాడు, ఎమ్మెల్యే కార్యాలయం నుంచి ఫోన్ వస్తుంది. స్తంభం కింద జనం మూగుతారు. చీకట్లో వినియోగదారు గడిపిన ప్రతి గంటకూ మీ దగ్గర కొలత ఉంది. కార్మికుడు నిబంధన ప్రకారం పని చేయడానికి పట్టే సమయానికి మాత్రం మీ ప్రమాణాల్లో ఎక్కడా చోటు లేదు.

ఆ సమయం ఎంత, ఎందుకు కావాలన్నది లైను మీద పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఆ ఫీడరు బ్రేకర్ తీయాలి. ఐసొలేటర్ తెరిచి, "మనుషులు పనిలో ఉన్నారు" అన్న బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో రాసి లైన్ క్లియర్ ఇవ్వాలి. పని జరిగే చోటికి దగ్గర్లోని ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తెరవాలి. దాని మూడు బ్లేడ్లూ నిజంగా విడిపోయాయా అని కింద నిలబడి కళ్లతో చూడాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు తెరుచుకుని మూడోది అతుక్కుని ఉండిపోవడం పల్లె లైన్లలో కొత్త విషయమేమీ కాదు. తర్వాత టెస్టర్‌తో సరఫరా లేదని నిర్ధారించుకోవాలి. ఆపై పని చేసే చోటికి రెండు వైపులా డిస్చార్జ్ రాడ్లు వేసి మూడు వైర్లనూ భూమికి కలపాలి (ఎర్తింగ్). ఇదంతా అయ్యాకే మనిషి స్తంభం ఎక్కాలి.

ఎర్తింగ్ ఒక్కటి వదిలేస్తే ఏమవుతుందో కాస్త ఆగి చెప్పుకోవాలి. పోయినవాడి నిర్లక్ష్యం అనే మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసినంత మాత్రాన లైను చచ్చిపోదు. కరెంటు పోగానే ఏ పెళ్లి మండపంలోనో, రైసు మిల్లులోనో, అపార్ట్‌మెంటులోనో జనరేటర్ వేస్తారు. ఛేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ సరఫరా ఇంటి వైర్ల మీదుగా వెనక్కి వెళ్లి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి చేరుతుంది. 11,000 వోల్టులను 433 వోల్టులకు దించే ఆ పెట్టె అప్పుడు ఎదురు తిరిగి పనిచేస్తుంది. ఇటు నుంచి ఇంటి వోల్టేజీ ఎక్కితే అటు పక్క 11 కేవీ తీగ మీదికి వేల వోల్టులు వస్తాయి. ఎల్‌సీ చేతిలో ఉంది, రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంది, బ్రేకర్ తీసే ఉంది. అయినా తీగ పట్టుకున్న మనిషి బతకడు. లైన్లో పనిచేసేవాళ్లు దీన్ని రిటర్న్ సప్లై అంటారు. పక్కనే సమాంతరంగా పోయే 33 కేవీ లైను ఇండక్షన్ వల్ల కూడా ఆపిన తీగలోకి ప్రమాదకరమైన వోల్టేజీ చేరవచ్చు. అరవై వాట్ల బల్బు వెలగడానికి కావాల్సిన కరెంటులో మూడోవంతు గుండె మీదుగా పోయినా ప్రాణం నిలవకపోవచ్చు. ఈ ముప్పుల నుంచి కాపాడేవి ఆ ఎర్తింగ్ రాడ్లే. అవి ప్రతి సెక్షన్‌లో, ప్రతి బృందం దగ్గర, పనికొచ్చే స్థితిలో ఉన్నాయా అని మీ మండలి ఎప్పుడైనా డిస్కంలను అడిగిందా? జనరేటర్ పెట్టుకున్నవారి దగ్గర ఛేంజోవర్ స్విచ్ ఉందో లేదో తనిఖీ చేశారా అని అడిగిందా?

ఎల్‌సీ ఇచ్చే తీరు కూడా చూడండి. చాలా చోట్ల అది ఫోన్ మీద నడుస్తుంది. ఫీడర్ల పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు పోతుంటాయి, గాలివానలో మాట సరిగా వినపడదు. ఒకే ఫీడరు మీద రెండు బృందాలు వేర్వేరు చోట్ల పని చేస్తుంటే, ఒక బృందం పని ముగించి ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తుంది. రెండో బృందం ఇంకా పైనే ఉంది. రాతపని పక్కాగా లేని చోట ఆ సంగతి ఆపరేటర్‌కు గుర్తుండాల్సిందే. ఆ ఆపరేటర్ రాత్రంతా ఒంటరిగా డ్యూటీ చేస్తున్న కాంట్రాక్టు మనిషి అయితే తప్పు ఎవరిది? ఫోన్ ఎత్తినవాడిదా, ఎక్కినవాడిదా, ఒక్కడితో సబ్‌స్టేషన్ నడిపిస్తున్న సంస్థదా?

గ్లౌజులు వేసుకోలేదన్న ఆరోపణ సంగతీ అంతే. 11 కేవీకి ఏ రబ్బరు గ్లౌజులు పడితే అవి పనికిరావు. 17 కేవీ వరకు వాడదగిన క్లాస్ 2 గ్లౌజులు కావాలి. గాలి నింపి చూసి సూది బెజ్జం కూడా లేదని నిర్ధారించుకున్నాకే తొడుక్కోవాలి. ఆరు నెలలకోసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. స్టోర్స్ రిజిస్టర్‌లో జత ఇచ్చినట్టు సంతకం ఉండడం వేరు, ఆ జత ఈ ఏడాది పరీక్షకు వెళ్లి వచ్చిందా అన్నది వేరు. పరీక్ష తేదీ చూపించమని మీ విచారణల్లో ఏ డిస్కంనైనా అడిగితే ఏం జవాబు వస్తుంది? అడిగి చూడండి.

నిబంధనలు చెప్పేది కూడా స్పష్టంగానే ఉంది. ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనల ప్రకారం లైను మీద పనిచేసే ప్రతి వ్యక్తికీ గ్లౌజులు, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టు, నిచ్చెన, ఎర్తింగ్ పరికరాలు, హెల్మెట్, లైన్ టెస్టర్ సమకూర్చాలి. తీగను ముట్టుకునే ముందు దానిలోని విద్యుత్తును భూమికి వదిలే ఏర్పాటు ఉండాలి. ఇందుకు నియమించిన, అధికారం ఇచ్చిన వ్యక్తులు తప్ప ఇంకెవరూ ఆ పనికి దిగకూడదు. ఈ బాధ్యతలన్నీ యాజమాన్యం మీద ఉన్నవే. ఇవి ఏ ఒక్కటి తప్పినా, "అతనే చూసుకోలేదు" అని చెప్పే హక్కు యాజమాన్యానికి ఎక్కడి నుంచి వచ్చింది?

అసలు స్తంభం ఎక్కుతున్నది ఎవరు? తెలంగాణలో 2017లో అవుట్‌సోర్సింగ్ నుంచి ఆర్టిజన్లుగా సంస్థల్లోకి తీసుకున్నవారు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయ వ్యవస్థతో పాటు జేఎల్‌ఎం (జూనియర్ లైన్‌మన్) గ్రేడ్–2 పేరుతో వచ్చిన ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, ఇరవైల్లోనే ఉద్యోగంలో చేరిన పిల్లలు వాళ్లు. వీళ్లు గాక కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి వచ్చే వారున్నారు. లైన్‌మన్ తన జేబులోంచి ఇంత ఇచ్చి వెంట తిప్పుకునే ప్రైవేటు హెల్పర్లూ ఉన్నారు. ఈ చివరివాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. నాలుగైదు ఊళ్లకు ఒక్కడే ఉన్నప్పుడు లైన్‌మన్ ఇంకేం చేస్తాడు? అతనూ అందుబాటులో లేకపోతే రైతే వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోతాడు. మోటార్లు ఆగిపోయి పొలం ఎండుతుంటే చూస్తూ కూర్చోలేక వెళతాడు. సిబ్బంది లేమి వల్ల డిస్కంకు మిగిలిన జీతం డబ్బు మీ ఆదాయ లెక్కల్లో కనిపిస్తుంది. ఆ లేమి వల్ల పోయిన ప్రాణం అక్కడ కనిపించదు.

పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు కొన్నాళ్లు అందరి కళ్లూ తెరుచుకుంటాయి. 2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ ఎన్టీపీసీ కేంద్రంలో బాయిలర్ ప్రమాదం 40 మందికి పైగా కార్మికుల ప్రాణాలు తీసింది. మన దగ్గర 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. 900 మెగావాట్ల కేంద్రం అది. లోపలికీ బయటికీ ప్రధాన దారి సొరంగమే. ఆ సొరంగం నిండా పొగ కమ్ముకుంటే రక్షణ బృందాలు గంటల తరబడి లోపలికి చేరలేకపోయాయి. తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఇంజనీర్లు ఉన్నారు, బ్యాటరీల పని కోసం వచ్చిన ప్రైవేటు సంస్థ ఉద్యోగులూ ఉన్నారు. మంటలను అదుపు చేయడానికి లోపలే ఉండి పోరాడినవారూ వారిలో ఉన్నారు. దాని మీద సీఐడీ విచారణకు ఆదేశించారు. ఆ కేంద్రం కరెంటు వాడుకుంటూ దాని ఖర్చంతా బిల్లుల్లో భరిస్తున్న వినియోగదారుల్లో ఎంతమందికి ఆ విచారణలో తేలినదేమిటో తెలుసు? భూగర్భ కేంద్రాల్లో పొగ బయటికి పోయే ఏర్పాట్లకూ, అత్యవసర దారులకూ ఎంత ఖర్చు పెట్టారని విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్కోను మీరు అడిగితే జవాబు చెప్పక తప్పుతుందా? శ్రీశైలం పేరైనా జనానికి గుర్తుంది. స్తంభాల మీద ఒక్కొక్కరుగా పోయేవారు జిల్లా పేజీ దాటి రారు.

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం దేశంలో ఏటా పన్నెండు వేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారు. అందులో లైన్‌మన్లు ఎందరు, కాంట్రాక్టు కూలీలు ఎందరు, తెగిన తీగ తొక్కిన రైతులు ఎందరు అని ఆ అంకె విడదీసి చెప్పదు. మీరు చెప్పించగలరు. విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద, దాని మీద 2005లో వచ్చిన నియమాల కింద, ప్రాణం పోయిన ప్రతి ప్రమాదాన్నీ తెలిసిన 24 గంటల్లో ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి. అంటే కాగితం పుడుతూనే ఉంది. 59వ సెక్షన్ ప్రకారం డిస్కంలు తమ పనితీరు సమాచారాన్ని ఏటా మీకివ్వాలి, మీరు దాన్ని ప్రచురించాలి. ఫ్యూజు ఎన్ని గంటల్లో వేశారో చెప్పే ఆ నివేదికలో, ఆ ఫ్యూజు వేయబోయి ఎందరు పోయారో ఎందుకు ఉండకూడదు?

కేంద్రం లెక్కలూ ఇలాగే ఉన్నాయి. 2021లో మూడు లక్షల కోట్ల రూపాయలు దాటిన అంచనాతో, డిస్కంల సంస్కరణ కోసం ఆర్‌డీఎస్‌ఎస్ పథకం వచ్చింది. దాని ప్రధాన లక్ష్యాలు రెండు అంకెలు. మొత్తం సాంకేతిక, వాణిజ్య నష్టాలు 12–15 శాతానికి దిగాలి, సగటు సరఫరా ఖర్చుకూ ఆదాయానికీ తేడా సున్నాకు రావాలి. ఆ రెండు అంకెల పక్కన ప్రాణనష్టం సున్నాకు రావాలన్న మూడో అంకె లేదు. ఢిల్లీ రాయని దాన్ని మీరు రాయకూడదని ఏ చట్టమూ చెప్పలేదు.

విద్యుత్ సంస్థల బాధ్యత ఎంత దూరం పోతుందో సుప్రీంకోర్టు 2002లోనే మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో తేల్చింది. రాత్రిపూట సైకిల్ మీద ఇంటికి పోతున్న మనిషి, రోడ్డు మీద పడి ఉన్న లైవ్ వైరు తగిలి చనిపోయాడు. ఎవరో కరెంటు దొంగతనానికి తగిలించిన తీగ అది, మా తప్పు లేదని బోర్డు వాదించింది. ఇంత ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవారు తమ నిర్లక్ష్యం లేదని చూపించినంత మాత్రాన బాధ్యత నుంచి తప్పించుకోలేరని కోర్టు చెప్పింది. దారిన పోయేవాడి విషయంలో ఇంత కచ్చితంగా ఉన్న న్యాయం, ఆ సంస్థ పంపితేనే స్తంభం ఎక్కినవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బలహీనపడుతోంది?

అతని ప్రాణానికి లెక్క కట్టిన తీరు చూస్తే మనసు కలుక్కుమంటుంది. 1923 నాటి పరిహార చట్టం నుంచి వస్తున్న సూత్రం ప్రకారం నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. ఆ జీతం ఎంతైనా సరే, 15,000 రూపాయలు మించినట్టు లెక్కించకూడదని 2020 జనవరి నుంచి పరిమితి పెట్టారు. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. భార్య, చిన్న పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్న ఇంటికి, మిగిలిన ముప్పై ఏళ్ల సంపాదనకు బదులుగా చట్టం చూపే గరిష్ఠ లెక్క అది. పేరు రిజిస్టర్‌లోనే లేని హెల్పర్ కుటుంబం ముందు తమవాడు అక్కడ పని చేస్తున్నాడని రుజువు చేసుకోవాలి. రుజువు చేసుకునేదాకా వాళ్లకు ఆ కాస్తయినా అందదు.

ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ జరుపుతున్నారు. శాలువాలు కప్పుతారు, వెలుగులు పంచే వీరులని పొగుడుతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కూల్చేసినప్పుడు, 2018లో తిత్లీ తుపాను ఉద్దానాన్ని మట్టం చేసినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో, బురదలో దిగి లైన్లు నిలబెట్టినవారికి ఆ గౌరవం తగినదే. కానీ వాళ్లకు శాలువా కన్నా ముందు కావాల్సింది ఆరు నెలల్లోపు పరీక్ష చేయించిన గ్లౌజుల జత, పనిచేసే ఏబీ స్విచ్, వెంట ఇంకో మనిషి.

అందుకే మీ నుంచి కోరుతున్నవి స్పష్టంగా చెప్పుకోవాలి. డిస్కంలు, ట్రాన్స్‌కోలు, జెన్కోలు తమ పనిలో చనిపోయిన, అవయవాలు కోల్పోయిన ప్రతి వ్యక్తి వివరం సర్కిళ్ల వారీగా ఏటా మీకివ్వాలి. అందులో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, ప్రైవేటు హెల్పర్లనూ కలపాలి. పేరు అక్కర్లేదు. ఏ పని చేస్తూ పోయాడు, ఎల్‌సీ ఎవరిచ్చారు, ఎర్తింగ్ ఉందా, ఆ రోజు ఆ సెక్షన్‌లో ఎందరు డ్యూటీలో ఉన్నారు అన్నవి చాలు. ఆ వివరం మీ వెబ్‌సైట్‌లో తెలుగులో ఉండాలి. సరఫరా పునరుద్ధరణకు మీరు పెట్టిన గడువుల్లో ఎల్‌సీకీ, ఎర్తింగ్‌కూ పట్టే సమయాన్ని మినహాయించండి. గాలివాన ఆగకముందే ఎక్కనన్న లైన్‌మన్‌పై ఏ చర్యా ఉండకూడదని ఉత్తర్వు ఇవ్వండి. భద్రతా పరికరాలకు ఆమోదించిన డబ్బు ఇంకో పద్దుకు మళ్లకుండా కాపు కాయండి. ఖర్చయిందన్న సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా, వస్తువు స్తంభం దగ్గరికి చేరిందా అని బయటి సంస్థతో ఆడిట్ చేయించండి. యాజమాన్యం లోపమే కారణమని తేలిన మరణాల పరిహారాన్ని టారిఫ్‌లో కలిపి వినియోగదారు మీద వేయనివ్వకండి.

ఇందుకు కొంత ఖర్చవుతుంది, యూనిట్‌కు ఎన్నో కొన్ని పైసలు పడవచ్చు. మీ తొలి మండలి 1999లో పుట్టింది. మరుసటి ఏడాదే ఛార్జీల పెంపు మీద జనం వీధుల్లోకి వచ్చారు, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. అప్పటి నుంచి పైసా పెంచాలన్నా ప్రభుత్వాలు నూరుసార్లు ఆలోచిస్తాయి. అది న్యాయమే. కానీ భారం ఎందుకు పడుతోందో నిజాయితీగా చెబితే, తన ఇంటి దీపం కోసం మరొకరు చావాలని కోరుకునే వినియోగదారు తెలుగునాట ఎవరున్నారు? మీ బహిరంగ విచారణల్లో రైతు సంఘాల వాళ్లు, ఉద్యోగ సంఘాల వాళ్లు ప్రమాదాల సంగతి ఎత్తుతూనే ఉన్నారు. అది టారిఫ్‌కు సంబంధం లేని విషయంగా పక్కకు పోకూడదు.

డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు మీ ముందు పెట్టాల్సిన గడువు నవంబరు 30. ప్రాణనష్టం వివరాలు, ఎర్తింగ్ రాడ్ల లెక్క, గ్లౌజుల పరీక్ష తేదీలు, సెక్షన్ల వారీ ఖాళీలు లేని నివేదికను అసంపూర్ణమని వెనక్కి పంపండి. అలా పంపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, మీ కార్యదర్శి సంతకంతో ఒక లేఖ చాలు. ఆ లేఖ ఈ ఏడాదే వెళ్తుందా?

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో కరెంటు బిల్లు కట్టే వినియోగదారుల పక్షాన